బుల్లబ్బాయి మొహం మీద మసక

నేను ఒక మసకను. పొగమంచు మసకా కాదు, చత్వారం మసకా కాదు. కంప్యూటర్లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అందులో ‘ఫిల్టర్లు’ అన్న మాట మీద నొక్కితే కిందికి చాంతాడంత వరస దిగుతుంది. నీడ వేసేది, వెలుగు పెట్టేది, తుప్పు పట్టించేది, గాజులా మెరిపించేది, నీళ్ళ చుక్కలు చల్లేది, అందరమూ అక్కడే కాపురం. అందరిలోకీ ఎక్కువ చాకిరీ నాదే. అక్షరం వెనక నీడ మెత్తగా పడాలన్నా నేనే వెళ్ళాలి, నాయకుడి తల వెనక వెలుగు విచ్చుకోవాలన్నా నేనే వెళ్ళాలి. చూసినవాళ్ళు మాత్రం “నీడ బాగా కుదిరింది” అంటారు. సొమ్మొకడిది, సోకొకడిది.

నన్ను చేసింది ఒక్కరు కాదు. ఏ దేశాల వాళ్ళో, పగలు ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుని, ఇంటికొచ్చి అన్నం తిని, జీతం భత్యం లేకుండా కూర్చుని రాశారు. ఒకడు రాసింది ఇంకొకడు కొట్టేశాడు, వాడు రాసింది మరొకడు దిద్దాడు. చివరికి ఎవరికి కావాలంటే వాళ్ళు దింపుకోండి, లోపల విప్పి చూసుకోండి, పక్కవాళ్ళకి పంచిపెట్టండి అని లోకం మీదికి వదిలేశారు. వాళ్ళది పెద్ద మనసే, కాదనను. కానీ ఊరికే వచ్చినదాన్ని మనుషులు ఎలా వాడతారో వాళ్ళకి తెలియదు. కొనుక్కున్న నెయ్యి చెంచాతో వడ్డిస్తారు, ఊరికే వచ్చిన మజ్జిగ చెంబులతో పోస్తారు. నేను మజ్జిగనయ్యాను.

నా గురించి ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. నేను దేన్నీ చెరపను. బొమ్మ మీద కూర్చుంటానంతే. నన్ను తీసేస్తే కింద ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, గీత కూడా చెదరదు.

నేను మొదట చేరింది నిడదవోలులో గజపతి మాస్టారి కంప్యూటర్లోకి. ఆయన బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. తీరిక ఎక్కువ, ఉత్సాహం అంతకన్నా ఎక్కువ. మనవరాలి బారసాల కార్డు, అపార్టుమెంటు వాళ్ళ నీటి మోటారు నోటీసు, సత్యనారాయణ వ్రతం పిలుపు, దేన్నీ వదలకుండా నన్ను పులిమేవారు. చదివేవాళ్ళు కార్డు దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చివరికి మాస్టారికే ఫోన్ చేసి ముహూర్తం కనుక్కునేవారు. ఆయనకి మాత్రం అన్నీ ముచ్చటగా కనిపించేవి. తర్వాత కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన వారానికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, తను చేసినవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసుకున్నారు.

“ఓసి నీ దుంపతెగ, ఇన్నాళ్ళూ నా కంట్లో ఒకటి, కార్డు మీద ఒకటి, రెండు మసకలు పెట్టుకుని తిరిగానన్నమాట,” అన్నారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ నా జోలికి రాలేదు. కంప్యూటర్ని తన దగ్గర చదువుకున్న వీరవేణికి ఇచ్చేశారు.

వీరవేణిది రైల్వే గేటు దగ్గర ఫ్లెక్సుల కొట్టు. వాళ్ళ నాన్న కుంచె పట్టుకుని కొట్లకి బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సులొచ్చి ఆయన కుంచె ఎండిపోయాక, ఈవిడ అదే ఫ్లెక్సుల్లోకి దిగింది. మనిషి నెమ్మది, చేతి పని గట్టిది. అక్షరానికి నీడ కావాలంటే నన్ను పిలిచేది కాదు. అదే అక్షరాన్ని నల్లగా ఇంకొకటి చేసి, రవ్వంత కిందికి జరిపి వెనక పెట్టేది, వాళ్ళ నాన్న గోడల మీద చేసినట్టు.

దానికి కారణం ఉంది. ఈ కంప్యూటర్ పాతది, నేను బరువు. ఫ్లెక్సు తయారయ్యాక దాన్ని రాజమండ్రిలో అచ్చు మిషను వాళ్ళకి పంపడానికి ఫైలు కట్టేటప్పుడు చిన్న గడి ఒకటి వస్తుంది. ఫిల్టర్లని కూడా బొమ్మలో కలిపేయమంటారా అని అడుగుతుంది. టిక్కు ఉంచితే మేం అచ్చులోకి వెళతాం. తీసేస్తే మేం ఇక్కడే దిగిపోతాం, మా కింద ఉన్నవే వెళతాయి. పెద్ద ఫ్లెక్సుకి ఆ టిక్కు ఉంచిందంటే ఈ ముసలి కంప్యూటర్ తిరిగి తిరిగి, ఒగర్చి, మధ్యలో చతికిలబడేది. అందుకని వీరవేణి చెయ్యి ఆ గడి కనిపించగానే టిక్కు తీసేయడానికి అలవాటు పడిపోయింది. కొట్టుకొచ్చినవాళ్ళకి తెర మీద చూపించి మురిపించడానికి నేను, అచ్చుకి మాత్రం వేరే ఏర్పాటు.

ఆ కొట్లో నేను చూసిన మొహాలు ఇన్నీ అన్నీ కావు. ప్రతివాడికీ తన మొహం పెద్దగా, స్పష్టంగా ఉండాలి, ముడతలు మాత్రం మసకగా ఉండాలి. పక్కవాడి మొహం తనకన్నా వేలెడు పెద్దదైతే ఊరు రెండవుతుంది. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత్తర్వాత అది కూడా రావడం మానేసింది.

అలాంటి రోజుల్లో కృష్ణకుమారి వచ్చింది. కూతురు లిఖితకి ఓణీల ఫంక్షన్, ఫ్లెక్సు కావాలంది. చేతిసంచీలోంచి ఒక ఫోటో తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. పిల్లకి చెవులు కుట్టినప్పటిది. ఏడాది పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చుని గుక్కపట్టి ఏడుస్తోంది. మేనమామ రెండు చేతులతో పిల్లని పొదివి పట్టుకుని, ఏం చేయాలో తెలియక నవ్వుతున్నాడు. అతను కృష్ణకుమారి తమ్ముడు బుల్లబ్బాయి, పెరవలిలో ఉంటాడు.

“మధ్యలో ఇప్పటి పిల్లని పెట్టండమ్మా. పక్కనే ఇది పెద్దగా ఉండాలి. ఓణీ పెట్టేది మేనమామే కదా,” అంది. వీరవేణి ముచ్చటగా కుదిర్చింది.

మర్నాడు ఆవిడ భర్త సత్తిరాజు వచ్చాడు, వెనకాలే కృష్ణకుమారి. తెర మీద బావమరిది మొహం చూడగానే ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

“ఈడి మొకం నా కూతురి ఫ్లెక్సు మీద ఉండటానికి వీల్లేదండి. తీసేయండి.”

సంగతేమిటంటే, కిందటి వేసవిలో బుల్లబ్బాయి గృహప్రవేశం చేసుకున్నాడు. ఆ ఫ్లెక్సు వేరే కొట్లో చేయించాడు. అందులో బావగారి మొహం కింది వరసలో, తాపీమేస్త్రికీ కరెంటు పనివాడికీ మధ్య పడింది. అదీ కళ్ళు సగం మూసుకున్న ఫోటో. ఇంటి పెద్దల్లుణ్ణి కునికిపాట్లు పడుతున్నట్టు గేటుకి కట్టారని సత్తిరాజు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. బుల్లబ్బాయి బతిమాలకుండా ‘ఫ్లెక్సు కోసం అలిగే మనిషి గడప నేను తొక్కను’ అన్నాడు. అంతే, రాకపోకలు తెగిపోయాయి. మధ్యలో నలిగిపోయింది కృష్ణకుమారి. తమ్ముడు లేకుండా కూతురికి ఓణీ పడుతుందన్న దిగులుతో ఆవిడకి ముద్ద దిగడం లేదు. ‘నీ పిన్ని కొడుకున్నాడుగా, ఆడు పెడతాడు’ అని సత్తిరాజు తేల్చేశాడు.

“ఆయ్, తీసేత్తానండి,” అంది వీరవేణి. “కానీ పాప ఆయన ఒళ్ళోనే ఉందండి. ఆయన్ని తీసేస్తే పాప గాల్లో కూర్చున్నట్టు ఉంటాది.”

సత్తిరాజు గడ్డం గోక్కున్నాడు. పిల్ల బొమ్మ ఆయనకీ ముద్దే. “అయితే మొకం ఒక్కటీ ఎవరిదో తెలీకుండా చేసేయండి.”

అప్పటిదాకా నోరెత్తని కృష్ణకుమారి, “చేతులుండనివ్వండమ్మా,” అంది. “పిల్లని పట్టుకున్నాయి.”

వీరవేణి బుల్లబ్బాయి మొహం వరకూ ఇంకొక ముక్క చేసి, ఉన్న మొహం మీదే పెట్టి, దాని మీదికి నన్ను పిలిచింది. నేను వెళ్ళి కూర్చున్నాను. నవ్వు పోయింది, మీసం పోయింది, కళ్ళు పోయాయి. గుక్కపట్టిన పిల్ల, పిల్లని పొదివి పట్టుకున్న రెండు చేతులు, పైన ఒక చామనచాయ పొగ. అన్నేళ్ళ చాకిరీలో నాకు సిగ్గనిపించిన చోటు అదొక్కటే. సత్తిరాజు “ఆ, ఇప్పుడు బాగుంది” అని వెళ్ళిపోయాడు. కృష్ణకుమారి గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి తెర వంక చూసి, చెంగుతో ముక్కు తుడుచుకుని, ఆయన వెనక నడిచింది.

ఫైలు కట్టేముందు వీరవేణి తనలో తను, “ఇవాళ టిక్కు తీయకూడదు, ఎంతసేపైనా సరే తిరగనీ,” అని గొణుక్కుంది. నేను విన్నాను. సరిగ్గా గడి వచ్చే వేళకి ఒకాయన చిట్టీల కరపత్రం పట్టుకుని వచ్చి, తప్పులు దిద్దమని మొదలుపెట్టాడు. ఆయన వైపు మొహం తిప్పి “ఆయ్, ఆయ్” అంటూనే ఆవిడ చెయ్యి అలవాటు చొప్పున టిక్కు తీసేసింది. నాకు నోరు లేదు. ఉంటే మాత్రం చెప్పేదాన్నా అని ఇప్పటికీ అనుకుంటాను. చెప్పేదాన్ని కాదు. ఫైలు రాజమండ్రి వెళ్ళింది. నేను ఇక్కడే ఉండిపోయాను.

ఫ్లెక్సు అచ్చయ్యి, చుట్ట చుట్టి, పొద్దున్న బస్సులో సరాసరి ఫంక్షన్ హాలుకి చేరింది. కుర్చీలేసే వాళ్ళే విప్పి గేటుకి కట్టేశారు. కాసేపటికి హాలు ముందు ఫోటో దిగిన ఎవరి ఫోనులోంచో ఆ బొమ్మ వీరవేణి ఫోనుకి వచ్చింది. చూడగానే గబగబా కంప్యూటర్ తెరిచింది. తెర మీద మసక ఉంది, గేటు మీద లేదు. బుల్లబ్బాయి తలుపంత మొహంతో ఊరందరినీ చూసి నవ్వుతున్నాడు. “చచ్చాన్రా దేవుడా,” అని కుర్చీలో కూలబడింది. ఆ పూటంతా కొట్టు తలుపు ఓరగా వేసే ఉంచింది.

హాలు దగ్గర ఏం జరిగిందో వారం తర్వాత సున్నుండలు పట్టుకొచ్చిన కృష్ణకుమారి చెప్పింది. చెబుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. సత్తిరాజు గేటు వైపు చూసి నిప్పులు తొక్కాడట. కేకలేస్తే చుట్టాల ముందు అల్లరవుతుందని, నిచ్చెన పట్టుకు రమ్మని గుట్టుగా మనిషిని పంపాడట. ఈలోగా చుట్టాల్లో ఎవరో ఆ ఫ్లెక్సుని బుల్లబ్బాయికి పంపించారు. అతను ఫోను వంక చూస్తూ అలాగే కూర్చుండిపోయాడట. అంత కోపంలోనూ బావ తన మొహం అందరికన్నా పెద్దగా వేయించాడనుకున్నాడు. గొడవకి ముందే కొని బీరువాలో దాచిన లంగా ఓణీ తీసి, పళ్ళెంలో పసుపు కుంకుమ పెట్టుకుని, పెళ్ళాంతో సహా బండెక్కాడు.

నిచ్చెనా బుల్లబ్బాయీ ఒకేసారి గేటు దగ్గరికి వచ్చారు.

“బావా, నాదే కుర్రతనం. పెద్దమనిషివనిపించుకున్నావ్,” అన్నాడట బుల్లబ్బాయి, పళ్ళెం పట్టుకుని. చుట్టూ జనం. ముసలాళ్ళు ‘అల్లుడంటే అలా ఉండాల’ని తలలూపుతున్నారు. సత్తిరాజు ఫ్లెక్సు వంక చూశాడు, పళ్ళెం వంక చూశాడు, నిచ్చెన మీదున్న మనిషి వంక చూశాడు.

“ఆ మూల కొంచెం జారినట్టుంది, కట్టు బిగించు,” అన్నాడు.

అలా లిఖితకి మేనమామ ఓణీ పడింది.

కృష్ణకుమారి సున్నుండలు తేకముందే, ఫంక్షనయిన మర్నాడే, సత్తిరాజు కొట్టుకి వచ్చాడు. వీరవేణి లేచి నిలబడింది.

“ఆ మసకేమైపోయిందమ్మాయ్?”

“అచ్చులోకి రాలేదండి. నా పొరపాటేనండి.”

ఆయన ఫ్యాను వంక చూస్తూ అన్నాడు, “సర్లే. నేనే ఏయించానని ఊరంతా అనుకుంటన్నారు. నువ్వు కాదనకు.” అంతే, వెళ్ళిపోయాడు. మనుషుల పెద్దరికాలు చాలావరకు ఇలాగే పుడతాయని నా అనుమానం.

ఇదంతా జరిగాక కూడా నా బతుకేం మారలేదు. పుట్టినరోజులకీ పోయినరోజులకీ తిరుగుతూనే ఉన్నాను. కంప్యూటర్‌కి ఆయాసం పెరిగింది, నాకు విసుగు పెరిగింది. చివరికి వీరవేణి కొత్తది కొంది. అందులోనూ అదే సాఫ్ట్‌వేర్, నాలాంటి మసకే ఇంకొకటి. దానికి ఇంకా ఉత్సాహం ఉండి ఉంటుంది, పాపం.

పాతదాన్ని ఇనుప సామాను వాళ్ళకి వేసేయాలనుకున్న రోజు కృష్ణకుమారి వచ్చింది. చెవులు కుట్టిన బొమ్మ ఫ్రేము కట్టించుకోవాలట. అసలు ఫోటో వానలో తడిసి అంటుకుపోయిందంది. వీరవేణి పాత కంప్యూటర్లోనే ఆ ఫైలు తెరిచింది.

తెర మీద పిల్ల, రెండు చేతులు, పైన నేను. ఫైల్లోంచి నన్ను ఎవరూ తీయలేదు. అచ్చులోనే కదా లేనిది.

కృష్ణకుమారి మొహం వాడిపోయింది. “ఇందులో ఇంకా ఇలాగే ఉన్నాడామ్మా?”

“ఒక్క నిమిషమండి, తీసేత్తాను.”

“ఉండు. నేను తీయొచ్చా?”

వీరవేణి లేచి కుర్చీ ఇచ్చింది. ఎప్పుడూ మౌసు పట్టని చెయ్యి అది. “ఇదిగోనండి, ఈ మసక గుండీని పట్టుకుని ఎడం పక్కకి లాగండి, సున్నా దాకా.” ఆవిడ లాగింది. నేను కొంచెం కొంచెంగా పలచబడ్డాను. ముందు చెవులొచ్చాయి. తర్వాత మీసం వచ్చింది. ఏం చేయాలో తెలియని ఆ నవ్వు అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. సున్నా దగ్గరికి వచ్చేసరికి నేనక్కడ లేను.

“అదిగో, మా తమ్ముడు,” అంది కృష్ణకుమారి, వీరవేణికి అప్పుడే పరిచయం చేస్తున్నట్టు.

ఇప్పుడు ఈ కంప్యూటర్ పాత సామాన్ల కొట్లో, రెక్కలు విరిగిన కూలరు పక్కన పడి ఉంది. రేపో మాపో విప్పేస్తారు. బెంగ లేదు, బాగా అలిసిపోయాను. నన్ను పెట్టమని అడిగినవాళ్ళు లెక్కలేనంతమంది. తీస్తానని కుర్చీలో కూర్చున్నది మాత్రం ఆవిడ ఒక్కతే.