ఆఖరి స్టాపులో అందరూ దిగాలి

ఆయన్ని కాలేజీ పిల్లలు తాపీ బాబాయ్ అనేవాళ్ళు. గోడలు కట్టే తాపీ కాదు, నాలుగో నంబరు బస్సుని నింపాదిగా నడుపుతాడని ఆ పేరు. వెనక ఎవరెంత హారన్ మోగించినా చెవిన పెట్టేవాడు కాదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పంతొమ్మిదేళ్ళు ఆ బస్సుకి కండక్టరు ఆయన భార్యే. ఆవిడ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ 'రైట్' అంటే తప్ప ఆయన కాలు కదలదని, ఇంట్లో కూడా అదే పద్ధతని డిపోలో ఒక పాత జోకు.

మూడేళ్ళ కిందట ఊళ్ళో సిటీ బస్సులన్నీ ఉచితం చేశారు. చదువుకునే పిల్లలే సగం ఉన్న ఊరు, యూనివర్సిటీ వాళ్ళూ మునిసిపాలిటీ వాళ్ళూ కలిసి ఖర్చు పెట్టుకుంటారట, ఎవరైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా దిగొచ్చు. జనానికి మంచే జరిగింది, కాదనడానికి లేదు. కానీ టిక్కెట్టే లేనప్పుడు కండక్టరెందుకు? వాళ్ళని తలో చోటికీ సర్దారు. ఆయన భార్యకి యూనివర్సిటీ లైబ్రరీ గుమ్మంలో సంచులు చూసి పంపే పని ఇచ్చారు. పంతొమ్మిదేళ్ళు నిలబడి చేసినప్పుడు లేని నడుంనొప్పి కూర్చుంటే వచ్చిందని ఆవిడ నవ్వేది. ఆయన మాత్రం కొన్నాళ్ళపాటు స్టాపులో జనం ఎక్కేశాక కూడా బండి కదపకుండా ఉండిపోయేవాడు. ఎవరో దగ్గితే గుర్తొచ్చి గేరు వేసేవాడు.

ఆ తర్వాత అత్తగారి సంగతి మొదలైంది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. మామగారు పోయినప్పట్నుంచీ వీళ్ళ దగ్గరే ఉంటోంది. ఏడాదిగా మతిమరుపు ముదిరింది. పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి మంట వెలిగించడం, కూతుర్నే 'మీరెవరమ్మా' అనడం. పక్కింటావిడ పదిరోజులు చూసి చేతులెత్తేసింది. గత్యంతరం లేక ఒకరోజు బయట తాళం వేసి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి తలుపు బాది బాది ఆవిడ అరచేతులు బూరెల్లా వాచి ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే భార్య తల్లి చెయ్యి పట్టుకుని మొదటి స్టాపుకి వచ్చింది. "మీతో తిప్పండి. టిక్కెట్టు అడిగేవాళ్ళెవరూ లేరుగా," అంది. అప్పటికే ఆయనకి మొదటి ట్రిప్పు టైమైపోయింది. సరే అన్నాడు.

అలా నాలుగు నెలలు గడిచాయి. డ్రైవరు వెనక మొదటి సీటు ఆవిడది. అత్తారింటి మర్యాదలు అందరూ కూర్చుని చేయించుకుంటారు, నేను తిప్పుతూ చేస్తున్నానని డిపోలో అనేవాడు. దిగాల్సిన వాళ్ళు బెల్లు నొక్కినప్పుడల్లా ఆవిడ మెత్తగా, "నంబరు చెప్పండి," అనేది. మొదట్లో పిల్లలు తెల్లబోయారు. తర్వాత్తర్వాత దిగుతూ దిగుతూ ఏదో ఒక నంబరు చెప్పడం అలవాటు చేసుకున్నారు. "లైను బిజీగా ఉంది," అనేది ఆవిడ ఒక్కోసారి. ఆయన అద్దంలో చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగేవాడు. రోజుకి ఎనిమిది ట్రిప్పులు. మెడ, భుజాలు, ఎడంకాలు. ఇంటికెళ్ళేసరికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఆవిడకి అన్నం తినిపించి, మంచం మీద పడుకోబెట్టి, మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకుని లైటు తీసేసేవాళ్ళు.

అంతలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. కొందరు పొద్దస్తమానం బస్సుల్లోనే కూర్చుంటున్నారట, చదువుకునే పిల్లలకి సీట్లు దొరకడం లేదట. ఒకటో తారీఖు నుంచి ఆఖరి స్టాపులో అందరూ దిగిపోవాలి, దింపే బాధ్యత డ్రైవరుది. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కొచ్చా అని డ్రైవర్లు డిపో కంట్రోలర్ని అడిగారు. దిగాలని రాశారు గానీ ఎక్కకూడదని రాయలేదుగా, మీకెందుకు తంటా అన్నాడాయన.

ఆయన బస్సులో అలా తిరిగేవాళ్ళు అత్తగారు కాక ఇద్దరే. వెనక సీట్లో కిటికీకి తల ఆనించి నిద్రపోయే ఒక రిటైర్డ్ వాచ్‌మన్, మూడు నెలల పసిపాపతో ఎక్కే ఒక రీసెర్చి అమ్మాయి. ఆ పాపకి ఇంట్లో చస్తే నిద్ర పట్టదు, బస్సు కుదుపుకే కన్ను మూస్తుంది. పాప పడుకున్నంతసేపూ ఆ అమ్మాయి ఒళ్ళో కాగితాలు పెట్టుకుని చదువుకునేది. ఒక్కోసారి చదువుతూ చదువుతూ తనే తూగేది.

ఒకటో తారీఖున ఆయన సీట్లోంచి లేచి, దిగాలని ఇద్దరికీ చెప్పాడు. వాచ్‌మన్ దిగాడు. ఆ అమ్మాయీ దిగింది. అత్తగారు మాత్రం సీట్లోనే ఉంది. రెండోరోజూ అంతే. మూడోరోజు ఆ అమ్మాయి మెట్టు మీద ఆగి వెనక్కి చూసింది.

"మామ్మగారు దిగరా బాబాయ్?"

"ఆవిడ మా అత్తగారమ్మా."

ఆ అమ్మాయి పాప లేవకుండా ఒక్కో మెట్టే చూసుకుంటూ దిగింది. కింది మెట్టు దగ్గర పాప లేచి గుక్కపట్టింది. బస్సు అక్కడ ఏడు నిమిషాలు ఆగాలి. తెరిచిన తలుపులోంచి ఆ ఏడుపు ఏడు నిమిషాలూ వింటూ కూర్చున్నాడు. వచ్చే ట్రిప్పు నుంచి అత్తగార్ని కూడా దింపడం మొదలుపెట్టాడు.

ఆవిడ మోకాళ్ళు అసలే అంతంత మాత్రం. "వచ్చేశామా బాబూ?" అనేది ప్రతిసారీ. రాలేదత్తయ్యా, కాసేపు దిగి ఎక్కుదాం అనేవాడు. దిగినదాన్ని మళ్ళీ ఎందుకు ఎక్కడం అనేది. చంకల కింద చేతులేసి దింపడం, బెంచీ మీద కూర్చోబెట్టడం, మళ్ళీ ఎక్కించడం. మూడో నాలుగో రోజుకి ఆవిడ పాదాలు ఉబ్బాయి. భార్య అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆవిడ తల్లి కాళ్ళకి నూనె రాసింది. చివరికి, ఇంకొకరి బిడ్డని దింపి మా అమ్మని కూర్చోబెడితే అదీ బాగుండదు, దింపండి అంది.

పన్నెండో రోజు మధ్యాహ్నం, పరీక్షల సమయం. అత్తగార్ని బెంచీ మీద కూర్చోబెట్టి ఆయన బాత్‌రూమ్‌కి వెళ్ళాడు. రెండు నిమిషాలు, మహా అయితే మూడు. వచ్చేసరికి బెంచీ ఖాళీ.

షెడ్డు వెనక చూశాడు. ఆడవాళ్ళ బాత్‌రూమ్ దగ్గర నిలబడి పిలిచాడు. రోడ్డు పల్లం దాకా పరుగెత్తి చూశాడు. ఎక్కడా లేదు. బస్సు నిండా పిల్లలు. బయల్దేరాల్సిన టైము దాటి అయిదు నిమిషాలైంది. చేతుల్లో హాల్‌టిక్కెట్లు, అట్టలు. ఒకరి తర్వాత ఒకరు గడియారాలు చూసుకుంటున్నారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది.

రీసెర్చి అమ్మాయి దగ్గరికి వచ్చింది. పాప భుజం మీద మెలకువగానే ఉంది. "మీరు వెళ్ళండి బాబాయ్. నేను వెతుకుతాను. మీరిక్కడ నిలబడితే ఇంతమంది పరీక్ష పోతుంది," అంది.

ఆయన సీట్లోకి ఎక్కాడు. ముందున్న కుర్రాడికి భార్య నంబరు చెప్పి, సంగతంతా చెప్పమన్నాడు. కుర్రాడు చెప్పాడు. ఆవిడ, అప్పుడు మీ బస్సు పక్కన ఏ బస్సు ఆగి ఉందని మాత్రం అడిగిందట. తొమ్మిదో నంబరు అని చెప్పమన్నాడు ఆయన. సరే అని పెట్టేసింది.

ట్రిప్పు నలభై ఎనిమిది నిమిషాలు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆ దారిని ఎన్నడూ అంత గట్టిగా చూడలేదు. ప్రతి అరుగూ, ప్రతి మలుపూ, జెరాక్సు కొట్ల ముందు ప్రతి గొడుగూ. చెప్పకుండానే పిల్లలు కూడా రెండు వైపులా కిటికీల్లోంచి చూస్తున్నారు. స్టాపుల్లో బెల్లు మోగుతూనే ఉంది. నంబరు అడిగేవాళ్ళు లేరు. పరీక్ష హాళ్ళ దగ్గర సగం బస్సు ఖాళీ అయింది. దిగుతూ ఒకమ్మాయి ఆయన భుజం తట్టి వెళ్ళింది. ఫోను చేసిన కుర్రాడికి మాత్రం ఆ రోజు పరీక్ష లేదు, సీట్లోనే ఉన్నాడు.

ఆరో స్టాపు దాటాక వాడి ఫోను మోగింది. విని, "దొరికారంట బాబాయ్," అన్నాడు.

ఆయన తలాడించి నడిపాడు. తర్వాతి స్టాపులో హ్యాండ్‌బ్రేకు వేశాడు. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కేశారు. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాసేపటికి వెనక నుంచి వాచ్‌మన్ గొంతు, "రైట్," అంది. ఆయన గేరు వేశాడు.

జరిగింది ఇదీ. బస్సులన్నీ ఒకే రంగు. బెంచీ మీద కూర్చుని కూర్చుని విసుగొచ్చి, ఆవిడే లేచి ఎదురుగా ఉన్న తొమ్మిదో నంబరు ఎక్కి, డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చుంది. ఆ డ్రైవరు కొత్తగా చేరిన అమ్మాయి. ఎక్కడ దిగాలని అడిగితే, బండి నడిపేది మా అల్లుడేనమ్మా అందట. కూతురు కండక్టరుగా చేసిన మనిషి కదా, అమ్మ నడిచి దూరం పోలేదనీ, ఎక్కితే పక్క బస్సే ఎక్కుతుందనీ ఊహించింది. లైబ్రరీ వెనక గేటు నుంచి అడ్డదారిన పడి, తొమ్మిదో నంబరు మార్కెట్ స్టాపుకి వచ్చే వేళకి అక్కడ నిలబడింది.

ఆయన తిరిగి ఆఖరి స్టాపుకి వచ్చేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ బెంచీ మీద ఉన్నారు. పాప ఏడుస్తోంది. ఊరుకోబెట్టే ఓపిక ముగ్గురిలో ఎవరికీ లేదు. రీసెర్చి అమ్మాయి లేచి, ఆ రోజు తను ఆ మాట అడగకుండా ఉండాల్సిందంది.

"అడగాల్సిందే అడిగావమ్మా," అన్నాడాయన. "నేనే ముందు దింపి ఉండాల్సింది. లేదా ఎవర్నీ దింపకుండా ఉండాల్సింది."

ఇంటికెళ్ళాక భార్య ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. మీ మెడకి తగిలించింది నేనే కదా అంది. ఇద్దరూ వంటింట్లో నిలబడే మాట్లాడుకున్నారు, కూర్చుంటే మళ్ళీ లేవలేమని. వారం తిరక్కుండా ఆయన పొద్దుటి సగం డ్యూటీకి, ఆవిడ మధ్యాహ్నం డ్యూటీకి మార్పించుకున్నారు. కంట్రోలర్ తల గోక్కుంటూ సంతకం పెట్టాడు.

ఇప్పుడు నాలుగో నంబరుని మధ్యాహ్నం నుంచి వేరే డ్రైవరు నడుపుతాడు. వాడు తాపీ కాదు, పిల్లలు కమ్ముల్ని గట్టిగా పట్టుకుంటున్నారు. రీసెర్చి అమ్మాయి పాపని పొద్దుటి ట్రిప్పుల్లోనే తిప్పుతోంది. ఆఖరి స్టాపులో ఆమే, వాచ్‌మనూ దిగి, ఏడు నిమిషాలు నిలబడి, మళ్ళీ ఎక్కుతారు. కాగితం మారలేదు.

రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటి దగ్గర స్టాపులో భార్య అత్తగార్ని తీసుకొచ్చి ఆయనకి అప్పగించి బస్సెక్కుతుంది. రెండు నిమిషాలు. మందు వేశాను, స్నానం కాలేదు, అన్నం మూత పెట్టాను. అంతే. రోజు మొత్తంలో మెలకువగా ఒకరికొకరు కనపడేది ఆ రెండు నిమిషాలే.

మొన్న ఒకరోజు ఎక్కడో రోడ్డు తవ్వారని బస్సు ఆలస్యమైంది. ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. ఇరవై నిమిషాలు దొరికాయి. ఏదైనా మాట్లాడదామని ఆయన వెతుక్కున్నాడు, ఏమీ తోచలేదు. ఆవిడకీ తోచలేదేమో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే ఆయన భుజం మీద వాలి నిద్రపోయింది. అత్తగారు వంగి కూతురి మొహం చూసింది.

"ఎవరు బాబూ ఈ అమ్మాయి? బాగా అలిసిపోయినట్టుంది."

"మన పిల్లేనత్తయ్యా. పడుకోనివ్వండి."

బస్సు మలుపు తిరిగి కనిపించింది. ఆయన వెంటనే లేపలేదు. అది స్టాపులోకి వచ్చి ఆగేదాకా ఆగాడు.