మెత్తని కొక్కెం

గ్లప్.

నీళ్ళ బకెట్లో చెక్క చేప ఒక్కసారి మునిగి, నోట్లోంచి నీళ్ళు చిమ్మింది.

గ్లప్... గ్లప్...

దారం ఒక చివర పాపర్, చప్పుడుతో చేపల్ని రప్పించే ఆ చెక్క ఎర. రెండో చివర నాన్న చెయ్యి. మూడేళ్ళుగా వణుకుతున్న చెయ్యి. ఎందుకూ పనికిరాదని ఆయన తిట్టుకునే చెయ్యి. పాపర్‌ని ఆడించడానికి మాత్రం భలే పనికొచ్చింది.

"చూశావా, నోరెలా కుదిరిందో!" అన్నాడు.

కుదరకేం? జన్మంతా వడ్రంగం చేసిన చేతులాయె. వణుకు ముదరక ముందు ఆఖరుగా చెక్కింది ఇదే. ఎర్రరంగు ఏడు పూతలు వేశాడు. ఇంకోటి చెక్కడం ఇక ఆయన వల్ల కాదు.

ఇలాంటివి నాలుగుండేవి. మూడింటిని కూతురే పోగొట్టింది.

నీటి మీద చప్పుడు చేసుకుంటూ పోయే పాపర్‌ని పెద్ద పారచేప కిందనుంచి లేచి కొడుతుంది. దారం తెంపుకుని దాంతో సహా పోతుంది. మూడుసార్లూ అంతే. మూడుసార్లూ నాన్న, "పోతే పోయిందిలే," అన్నాడు.

అన్నాడే గానీ, రెండేసి రోజులు ముద్ద దిగలేదు.

"దీన్ని బీరువాలో దాచేద్దాం నాన్నా."

"బీరువాలో ఏం చేపలున్నాయే?"

అదీ ఆయన వరస! ఇంకేం చేస్తుంది? గాలం సామాను కొనడానికి బయల్దేరింది.

షాపాయన బల్ల నిండా పరిచాడు. "ఇవన్నీ కడితే ఏనుగునైనా లాగేయొచ్చమ్మా."

"నాకు ఏనుగెందుకండీ? నా పాపర్ నాకు తిరిగొస్తే చాలు."

రాడ్ వంచి చూసింది — మొండిది, కానీ భుజానికి బరువు కాదు. తీసుకుంది. రీలు తిప్పి చూసింది — బ్రేకు పట్టుగా ఉంది. తీసుకుంది. దారాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపింది. పాతికేళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషికి దారం గురించి ఎవరు చెప్పాలి? అన్నిటికన్నా గట్టిది తీసుకుంది.

కొక్కేల దగ్గర... ఆగింది.

లావువి పక్కకు నెట్టింది. సన్నటిదాన్ని పటకారతో పట్టి లాగింది. వంగింది.

"ఇవివ్వండి."

"అయ్యో, అవి వంగిపోతాయమ్మా! చేప పోతుంది."

"పోనివ్వండి."

ఆమె ఏనాడూ గుడ్డకన్నా గట్టి దారంతో కుట్టలేదు. లాగుడు మరీ ఎక్కువైతే కుట్టు తెగాలి, గుడ్డ చిరగకూడదు. కుట్టుదేముంది, మళ్ళీ వేసుకోవచ్చు.

ఎక్కడో ఒకచోట ఓడక తప్పదు. ఎక్కడ ఓడాలో తనే ఎంచుకుంది.

పొద్దున్నే పడవలో ముగ్గురు. పడవ నడిపే మామయ్య, ఆమె, నాన్న. నాన్న ఒళ్ళో రొట్టెల డబ్బా. మూత తియ్యలేదు.

విసిరింది. దూరంగా ఎర్రటి చుక్క.

గ్లప్... గ్లప్...

నీళ్ళు పేలాయి.

రాడ్ విల్లులా వంగింది. రీలు కీచుమంది. దారం పోతోంది — పోతోంది — నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఆమె రెండు కాళ్ళూ పడవ అంచుకి తన్నిపెట్టి బ్రేకు బిగించింది.

టక్.

దారం చప్పబడిపోయింది.

నాలుగోది కూడా పోయిందా? రీలు తిప్పింది. చేతికి ఏ బరువూ తగల్లేదు. తిప్పింది. నీళ్ళ వైపు చూసే ధైర్యం లేదు.

"అదుగో!" అన్నాడు మామయ్య.

ఎర్రటి చుక్క. తేలుతూ. వస్తూ.

హమ్మయ్య!

కొక్కెం సూదిలా నిటారుగా సాగిపోయి ఉంది. పాపర్ వీపు మీద ఒక్క గీత పడింది, అంతే. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఆపుకోలేదు.

"అంత చేప పోయింది కదే!" అన్నాడు నాన్న.

"పోతే పోయిందిలే."

 నాన్న డబ్బా మూత తీశాడు. ఒక రొట్టె తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. మామయ్యకి ఒక్క ముక్కైనా మిగల్చలేదు.

ఆమె కొత్త కొక్కెం తగిలించింది. మళ్ళీ సన్నటిదే.

కింద ఎక్కడో ఆ చేప ఉంది. వస్తుందో, రాదో.

నాన్న పాపర్‌ని తన చేతికి ఇమ్మని అడిగి తీసుకుని, పడవ పక్కన నీళ్ళలోకి వదిలాడు. చెయ్యి వణికింది.

గ్లప్...