రొవీనా మడిచిన పారాషూట్

రొవీనా హాచ్‌కి యాభై మూడేళ్లు. చేతికి ఏది దొరికినా మడుస్తుంది. రొట్టెల సంచులు, చదివేసిన పేపర్లు, మొగుడు సోఫా మీద విసిరేసిన చొక్కాలు, అన్నీ.

ఆమె మడిచింది ఆమె "ఇక చాలు" అనేదాకా విచ్చుకోదు. అమెరికాలోని నెవాడాలో, వాళ్ల ఊరి చుట్టుపక్కల వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. చర్చి బల్లల గుడ్డలు ఆమె మడిచిన వారం, పాస్టరు ఫోను చేసి మరీ ఆ మాట అనిపించుకుంటాడు. ఈదురుగాలుల ఊరు కాబట్టి టార్పాలిన్లు కూడా ఆమె దగ్గరికే తెస్తారు. దీన్ని ఎవరూ వింత అనుకోలేదు. పని అని కూడా అనుకోలేదు.

మొగుడు వెండెల్‌కి రాకెట్ల పిచ్చి. ఏడాదికి మూడుసార్లు క్లబ్బువాళ్లంతా ట్రక్కులేసుకుని ఎండిపోయిన సరస్సు మీదికి చేరతారు. మనిషికి రెండింతల పొడవుండే రాకెట్లు పైకి వదిలి, పారాషూట్లతో దించుకుంటారు. పైకి ఎవడైనా పంపిస్తాడు, చెక్కుచెదరకుండా దించినవాడికే అక్కడ పేరు. పదకొండేళ్లుగా వెండెల్ రాకెట్టు ఒక్కటీ విరగలేదు. ఆ పారాషూట్లు రొవీనా కుట్టింది, రొవీనా మడిచింది, మడత కుర్చీలో కూర్చుని తలెత్తి చూస్తూ సరైన క్షణంలో "ఇక చాలు" అంది. "మీ ఆయన చేతిలో ఏదో మహిమ ఉందమ్మా" అని ఆమెతోనే అనేవాళ్లు.

మే నెలలో రాకెట్లు ఎగరేసేవాళ్లకి క్లబ్బు పెట్టే మూడు స్థాయిల పరీక్షల్లో మొదటిదానికి తను కూడా వెళ్తానని రొవీనా ఒక రాకెట్టు మోటారు కొనుక్కుంది. "మోకాళ్ల నొప్పులదానివి, నీకెందుకే" అని వెండెల్ దాన్ని తన రాకెట్లో పెట్టి కాల్చేశాడు.

సెప్టెంబరులో అతను మూడో స్థాయికి దిగాడు. అన్నిటికన్నా పెద్దది అదే. రాకెట్టంతా ఎగరేసేవాడే చేసుకోవాలి, చేశానని సంతకం పెట్టాలి. సాక్షిగా వచ్చిన హాలిస్, రిటైరైన సైన్సు మాస్టారు, ట్రక్కు నీడలో కాగితం తీశాడు.

"పెద్ద పారాషూట్ మడిచిందెవరు?"

"అదీ ఒక పనేనా మాస్టారూ? నేనే, రాసుకోండి."

"వెండెల్, నా పేరు చెప్పు," అంది రొవీనా. "లేదా ఇప్పుడే విప్పేస్తాను, నువ్వే మడుచుకో."

"నా చొక్కాలు కూడా నువ్వే మడుస్తావు. వాటి మీద కూడా నీ పేరు కుట్టించనా?"

నలుగురూ పగలబడి నవ్వారు. మాస్టారూ నవ్వాడు.

"అయితే నువ్వే మడిచావు," అంది రొవీనా.

"నేనే."

"విన్నారుగా మాస్టారూ?"

"విన్నానమ్మా."

వెండెల్ సంతకం పెట్టాడు. రొవీనా వెళ్లి కుర్చీలో కూర్చుని, డబ్బాలోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి పెంకు ఒలవడం మొదలుపెట్టింది.

రాకెట్టు నేలంతా అదరగొడుతూ లేచింది. పంతొమ్మిది వేల అడుగుల ఎత్తులో, వెండెల్ కొట్లో కొని తనే చుట్టిన చిన్న పారాషూట్ విచ్చుకుంది. చప్పట్లు కొట్టారు. రెండు వేల అడుగుల దగ్గర పెద్దది బయటికి వచ్చింది. విచ్చుకోలేదు. మూటలా వేలాడుతూ రాకెట్టుతో పాటు కిందికి దూసుకొస్తోంది.

"రోవీ!" అన్నాడు వెండెల్.

ఆమె గుడ్డు మీద ఉప్పు చల్లుకుంటోంది.

"రోవీ, అనవే!"

"ఏమనాలి?"

"నువ్వు రోజూ అనేదే!"

"అది నేను మడిచినవాటికే పనిచేస్తుంది. ఇది నువ్వు మడిచావుగా."

హాలిస్ వాచీ చూశాడు. "పదిహేను సెకన్లుందిరా."

వెండెల్ ఆకాశం వైపు చేతులు చాచి "ఇక చాలు!" అని అరిచాడు. క్లబ్బు మగవాళ్లందరూ టోపీలు ఊపుతూ "ఇక చాలు! ఇక చాలు!" అని గొంతులు చించుకున్నారు. మూట కదల్లేదు.

"నువ్వే మడిచావు!" అన్నాడు చివరికి. "కుట్టింది నువ్వే, అన్నీ నువ్వే! అందరూ వినండి! అనవే తల్లీ!"

ఇంకా మూడు వందల అడుగులుంది. రెండు మాటలు అనడానికి అది చాలు. రొవీనా గుడ్డు కొరికి, నమలసాగింది.

రాకెట్టు ఎండిన సరస్సు మట్టి పెంకులోకి దిగబడి మూడు ముక్కలైంది. మూటకి మాత్రం ఏమీ కాలేదు. ఇద్దరు మగవాళ్లు పట్టి లాగారు, కత్తితో పొడిచారు. ఒక్క మడత కూడా ఊడలేదు.

హాలిస్ కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. "రాకెట్టు విరిగితే మళ్లీ రావొచ్చురా వెండెల్. అబద్ధపు సంతకానికి మళ్లీ అనేది లేదు."

"మాస్టారూ, మీకు ముందే తెలుసుగా!"

మాస్టారు కాగితం జేబులో పెట్టుకున్నాడు. రొవీనా వంక చూడలేకపోయాడు.

నవంబరులో రొవీనా ఇల్లు వదిలేసింది. నాలుగేళ్లలో మూడు పరీక్షలూ పాసైంది.