ఎక్స్‌రేలో పడని ఎరుపు

బోక్నిమ్ పిన్ని ఎక్స్‌రే గదిలోకి వచ్చి కూర్చుంది గాని, ఎడమ చెయ్యి మాత్రం కోటు జేబులోంచి బయటికి తియ్యలేదు.

"చెయ్యి ఇలా పెట్టు పిన్నీ."

"కుడిచెయ్యి తియ్యవే. రెండూ ఒకటేలే, కలిసే పెరిగాయి."

డాక్టర్ పే రాసిన చీటీ నా చేతిలో ఉంది. ఎడమ చెయ్యి, ఉంగరపు వేలు, మూడు వైపుల నుంచి. పది రోజుల కిందట ఆల్చిప్పల బుట్ట ఆ వేలి కొసమీద పడిందట. గుడ్డ చుట్టుకుని పని చేస్తూనే ఉందట. ఈరోజు షెడ్డులో ఆడవాళ్ళు ఆమె కత్తి లాక్కుని మరీ ఆసుపత్రికి పంపారు.

మా ఊరు తోంగ్యాంగ్ రేవులో ఒకే షెడ్డులో, ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడి, ఈ పిన్నీ మా అమ్మా ముప్పై ఏడేళ్ళు ఆల్చిప్పలు విప్పి మాంసం వలిచారు. ఆ పనితోనే అమ్మ నన్ను చదివించింది. మా ఇంట్లో కాలేజీకి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. అక్టోబరులో, వలుపుల సీజన్ మొదలైన వారానికి, అమ్మ నిద్రలోనే పోయింది. ఇప్పుడు డిసెంబరు. అంత్యక్రియల తర్వాత పిన్నిని చూడటం ఇదే. చాలాసార్లు బయల్దేరి కూడా షెడ్డు దాకా వెళ్ళలేకపోయాను. ఆ బల్లకు ఇవతల అమ్మ ఉండదు.

"భయమా పిన్నీ?"

"నాకా? తుపానులో పడవమీద కన్నదాన్ని నేను." గొంతు తగ్గించింది. "రంగున్న గోళ్ళకి మత్తు ఎక్కదంటగా. అందుకని మీ ఆసుపత్రోళ్ళు ముందు గోరు పీకేస్తారంట. షెడ్డంతా అంటోంది."

"ఇక్కడ మత్తూ లేదు, సూదీ లేదు. ఫొటో తియ్యడమే. గోరు జోలికి నేను రాను."

"నువ్వు రావు సరే. ఆ డాక్టరు?"

కొస ఎముక విరిగి జరిగితే, గోరు కింద చర్మం చిట్లితే, గోరు తీసి కుట్టాల్సి రావచ్చు. ఆమెతో ఏనాడూ అబద్ధం ఆడలేదు.

"ఫొటో చూస్తేగాని తెలీదు పిన్నీ."

జేబులోంచి చెయ్యి బల్లమీదికి వచ్చింది. గుడ్డ విప్పాను. వేలు వంకాయలా ఉబ్బింది. గోరు మొదట్లో నల్లగా రక్తం గడ్డకట్టింది. కొసన మాత్రం, నెలవంకంత ఎరుపు.

ఆ ఎరుపు నాకు తెలుసు. ఆగస్టులో మా పెరట్లో పూసిన పొంగ్‌సోన్ పూల రేకులు పటిక వేసి రోట్లో నూరింది అమ్మే. ఆకు చుట్టి దారం కట్టి పిన్ని గోళ్ళు పండించిందీ అమ్మే. ఆ పంట మొదటి మంచు పడేదాకా గోటిమీద నిలిస్తే మనసులో ఉన్న మనిషి వస్తాడని చిన్నప్పుడు మేమంతా నమ్మినదే. వీళ్ళిద్దరూ అరవై దాటినా మానలేదు.

"మిగతా వేళ్ళకి కత్తి తగిలి ఎప్పుడో పోయింది. ఇదొక్కటే మిగిలింది," అంది పిన్ని.

"మళ్ళీ వేసుకోవచ్చుగా?"

"అది మీ అమ్మ చెయ్యి కాదుగా."

నేను సీసపు ఆప్రాన్ తెచ్చి ఆమె ఒళ్ళో కప్పాను.

"అబ్బ, ఇదేంటే, పీపాడు ఉప్పు చేపలంత బరువు!"

"కాసేపే. ఉంగరం ఉంటే తియ్యి."

"రెండేళ్ళ కిందటే ఆల్చిప్పల్లో జారిపోయింది. సియోల్‌లో ఎవడి గిన్నెలోనో తేలుంటుంది."

అరచెయ్యి బోర్లా పెట్టించాను. "కదపకు పిన్నీ."

"నొప్పి పుడుతుందా?"

"ఫొటోకి పుట్టదు. వేలు చాచినప్పుడే."

"ఎంతసేపు?"

"రెప్పపాటు."

అద్దం వెనక్కి వెళ్ళి మీట నొక్కాను. రెండోదానికి చేతి కింద స్పాంజి దిమ్మ పెట్టి ఏటవాలుగా తిప్పాను. మూడోదానికి మిగతా వేళ్ళు మడిచి, ఆ ఒక్క వేలూ పక్కవాటుగా నిలబెట్టాలి. పళ్ళు బిగించి నిలబెట్టింది.

బొమ్మ తెరమీదికి వచ్చింది. కీళ్ళ మధ్య సందులు అరిగిపోయాయి. కణుపుల దగ్గర ఎముక బుడిపెలు కట్టింది. ఏడేళ్ళలో వేల చేతులు తీశాను, అమ్మ చెయ్యి ఒక్కసారీ తియ్యలేదు. వేళ్ళు లాగుతున్నాయని ఎన్నిసార్లు అన్నదో. తీద్దాం రా అంటే సీజన్ అయ్యాక అనేది. అమ్మ ఎముకలూ ఇలాగే ఉండి ఉంటాయి. తెర దగ్గర అవసరమైనదానికన్నా ఎక్కువసేపే నిలబడ్డాను.

పిన్ని నా భుజం మీంచి తొంగి చూసింది. "మీ అమ్మ పెట్టిన ఎరుపేదే?"

"ఎముకలే పడతాయి పిన్నీ. రంగు పడదు."

"ఇంత పెద్ద మిషను పెట్టుకుని!"

డాక్టర్ పే వచ్చి బొమ్మలు మూడూ చూశాడు. పిన్ని చెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది.

"కొస ఎముకలో సన్నటి బీట. జరగలేదు," అన్నాడు. చెయ్యి అడిగి, గోటిని మెల్లగా తాకి చూశాడు. "గోరు గట్టిగానే పట్టుకుని ఉంది. తియ్యక్కర్లేదు. నాలుగు వారాలు పట్టీ. అప్పటిదాకా ఆల్చిప్పలు ముట్టుకోకూడదు. గోరు కత్తిరించకూడదు."

"కత్తిరించకూడదా?"

"అస్సలు."

పిన్ని నావైపు తిరిగింది. "విన్నావుగా! డాక్టరే చెప్పాడు. నా సొంత కవిత్వం కాదు."

పట్టీ కట్టించుకుని వెళ్తూ, ఆదివారం ఇంటికి రమ్మంది. ఈసారి వెళ్ళాను.

వెళ్ళేసరికి కిటికీ దగ్గర కూర్చుని ఆకాశం చూస్తోంది. మా తీరంలో మంచు పడటమే అరుదు. కొన్నేళ్ళు అసలే పడదు.

"పడకపోతే ఏం చేస్తావు పిన్నీ?"

"పడితే మాత్రం వస్తుందా మీ అమ్మ?" అంది. "ఎదురుచూడ్డం అలవాటైపోయింది. ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. ఇప్పుడు ఒక్కదాన్నే చూస్తున్నా, దానికోసం."

లేచి, ఫ్రిజ్ పైఅరలో ఎండు నెత్తళ్ళ పొట్లం కింద నుంచి కాగితం చుట్టిన ఉండ ఒకటి తీసింది. రేగుపండంత. గడ్డకట్టి ఉంది. విప్పితే ముదురు ఎరుపు.

"ఆగస్టులో నూరిందే. నువ్వు వద్దన్నావటగా?"

అన్నాను. ఆ రోజు రోలు ముందు కూర్చుని, ఒక్క చిటికెన వేలికే పెట్టనీయమని అడిగింది అమ్మ. ఆసుపత్రిలో అందరూ చూస్తారు, షెడ్డులో పనిచేసేదానిలా ఉంటుందన్నాను. అన్న మాట అదే. అమ్మ చేతులు కడుక్కుని లేచిపోయింది.

"నీ వంతు తీసి నా దగ్గర పెట్టింది. 'ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది, దాచు' అంది. నేను దీన్ని ముట్టుకోలేదు. నాది నాకు పెట్టేసిందిగా."

చెయ్యి చాచాను. ఉండ మెత్తబడేదాకా పిన్ని అరచేతిలో పట్టుకుంది. నా చిటికెన వేలి గోటిమీద అద్ది, పట్టీ ఉన్న చేత్తో నా వేలు నొక్కిపట్టి, రెండో చేత్తో ఆకు చుట్టింది. దారం ఒక కొస పళ్ళతో పట్టి ముడి బిగించింది. వేలంతా చల్లబడింది. ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకోబోయి ఆ చెయ్యే ఎత్తాను.

"ఎంతసేపు పిన్నీ?"

"తెల్లారేదాకా," అంది, నా మణికట్టు పట్టుకుని. "కదపకు."