ఎవరి కోసమో వచ్చిన బీట్‌రూట్

ఇవాళ ఏం వండాలని ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు. పొద్దున్నే కోడలు వంటింట్లో లైటు వేసేసరికి, కూరగాయలు తరిగే చెక్క మీద ఆ రోజు వండాల్సింది వచ్చి కూర్చుని ఉంటుంది. ఒకరోజు నాలుగు బంగాళాదుంపలు, ఒకరోజు చిన్న క్యాబేజీ, ఎవరికైనా జలుబు పట్టబోతోందంటే ముందురోజే ఇంత అల్లం. అవి ఎక్కడి నుంచి వస్తాయో ఆరా తీసే తీరిక ఎవరికీ లేదు. కుళాయిలో నీళ్ళొస్తున్నాయి, చెక్క మీద కూర వస్తోంది, అంతే.

దాని నియమాలు రెండూ అత్తగారు బతికున్నప్పుడే చెప్పింది. వచ్చింది ఇంట్లో ఎవరో ఒకరి ఒంటికి అవసరమై వచ్చినట్టు, ఆ ఒంటికి చేరి ఆ లోటు తీరేదాకా అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది. దాన్ని కాదని ఇంకోటి పొయ్యి మీద పెడితే ఉడకదు. ఎవరి కోసం వచ్చిందో మాత్రం చెక్క చెప్పదు.

ఆవిడ పోయిన ఏడు వరసగా రెండు నెలలు వెల్లుల్లి వచ్చింది. మామగారి గుండె కాస్త నీరసంగా ఉందని డాక్టరు అంతకుముందే అన్నాడు గనక రెబ్బలన్నీ ఆయన కంచంలోకే వెళ్ళాయి. అత్తగారికి ఆ వాసన పడదట. రెండు నెలలు తిరిగాక ఒక పొద్దున పాలు కాస్తూ కాస్తూ ఆవిడ పొయ్యి దగ్గరే కూలిపోయింది. మర్నాడు చెక్క మీద వంకాయలున్నాయి. ఆ ఏడుపుల్లో వాటి సంగతి ఎవరికి పట్టింది?

ఇప్పుడు బీట్‌రూట్ వంతు. మొదటిరోజు ఇష్టంగానే తిన్నారు. నాలుగోరోజుకి కూతురు మొహం ముడుచుకుంది. ఎనిమిదోరోజుకి ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది.

"నాకోసమేనేమో. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి" అన్నాడు భర్త.

"నీ మోకాళ్ళకి బీట్‌రూట్ ఎందుకురా? నాకే అయ్యుంటుంది. పైకి పోవాల్సిన వరసలో ముందున్నది నేనే కదా" అన్నారు మామగారు. ఆయన నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి, ఏ విషయమైనా చక్రాలూ పళ్ళూ లెక్కపెట్టినట్టు ఆలోచిస్తారు.

కూతురు మాత్రం తనకే అనుకుంది. సన్నబడాలని నూనె చుక్క ముట్టకుండా కాలేజీకి పోతోంది, అద్దంలో మొహం పాలిపోయి కనిపిస్తోందట.

ఎవరి కోసమో తేలలేదు గనక ముగ్గురూ ముక్కు మూసుకుని మందు తిన్నట్టు తిన్నారు. కోడలు తన వాటాను కూడా ఆ ముగ్గురికే సర్దేసేది. ఈ పూట మామగారికి, రేపు పిల్లకి, ఎల్లుండి ఆయనకి. ఎవరికి కావాలో వాళ్ళకి ఇంకో నాలుగు ముక్కలు పడితే పీడ వదులుతుంది కదా అని. తను మాత్రం గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నిలబడి, నిన్నటి రొట్టె ఏదైనా మిగిలి ఉంటే టీలో ముంచుకుని తినేది. రొట్టె పారేయడమంటే ఆమెకి ప్రాణం ఒప్పదు. కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టమని కూర్చునేది కాదు.

ఆమె అలసిపోయి ఉంది. ఎప్పటి నుంచని అడిగితే చెప్పలేకపోయేది. బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడే కునికేది. రెండో అంతస్తు ఎక్కేసరికి చెవుల్లో ఎవరో చాకిరేవు పెట్టినట్టు ఉండేది. అందరికీ ఇలాగే ఉంటుందిలే, ఇంటెడు చాకిరీ చేసేవాళ్ళకి అలసట కూడా ఒంటి రంగులాంటిదే, పుట్టుకతో వచ్చి ఉంటుంది అనుకునేది.

ఆమె ఉద్యోగం రక్తపరీక్షల లాబ్‌లో. ట్యూబుల మీద పేర్ల చీటీలు అంటించడం ఆమె పని. పదోరోజున సొంత ఇంటివాళ్ళనే ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి రక్తం తీయించింది. అక్కడ రక్తం తీసే ఆవిడని అందరూ దోమ అంటారు. సూది దిగినట్టే తెలియనివ్వదు. ఆవిడ కూడా ఫోనెత్తి "దోమను మాట్లాడుతున్నా" అంటుంది.

"మీ ఇంట్లో నలుగురు కదక్కా? మూడే ఇచ్చావేం?" అంది దోమ.

"నలుగురెక్కడ? ఆయన, మామయ్యగారు, పిల్ల" అని వేళ్ళు మడిచింది కోడలు. తర్వాత నవ్వేసింది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నా."

మూడు కాగితాలూ బాగానే ఉన్నాయని వచ్చాయి. మామగారి రక్తమైతే కుర్రాడి రక్తంలా ఉందట. ఆయనకి అది కూడా అనుమానంగానే తోచింది.

పన్నెండోరోజు ఆదివారం. భర్త తన ఆఫీసు మేనేజరునీ, ఆయన భార్యనీ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. ముందురోజే కోడిమాంసం తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, "పెద్దవాళ్ళొస్తున్నారు, ఈ ఒక్కరోజుకీ చెక్క ఒప్పుకుంటుందేమో చూడు" అని బతిమాలాడు.

చెక్క ఒప్పుకోలేదు. పొద్దున లైటు వేస్తే బీట్‌రూట్లు గుట్టగా ఉన్నాయి, అతిథులకి కూడా లెక్కేసి పంపినట్టు. కోడిని రెండు గంటలు ఉడకబెట్టినా పచ్చి తగ్గలేదు. చేసేదేముంది, దించేసి బీట్‌రూట్లు చెక్కు తీయడం మొదలుపెట్టింది. సూపు, మిరియాలు వేసిన వేపుడు, పెరుగుపచ్చడి, నిమ్మరసంతో పచ్చి ముక్కలు. మధ్యలో రెండుసార్లు కళ్ళు బైర్లు కమ్మి గట్టు పట్టుకుని ఆగింది. మోచేతులదాకా ఎర్రబడ్డ ఆ చేతుల్లో గోళ్ళొక్కటే తెల్లగా ఉన్నాయి.

అతిథులు సంతోషంగా తిన్నారు.

"మా ఇంట్లో ఇదివరకు కాఫీపొడే వచ్చేదండీ, డబ్బాలకి డబ్బాలు. ఈమధ్యే ఓట్స్‌కి మారింది" అంది మేనేజరు భార్య తన వంటింటి గోడ గూట్లోకి రోజూ వచ్చేవాటి గురించి. "మీరూ కూర్చోండి, అన్నీ మీరే మోస్తున్నారు."

"మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అంది కోడలు.

మేనేజరు రెండోసారి వేపుడు వేయించుకుని గిన్నె ఖాళీ చేశాడు. మామగారు మాత్ర వేసుకోవడానికి నీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. కోడలు తొట్టి వైపు తిరిగి నిలబడి, ఒక చేత్తో గట్టు పట్టుకుని, రెండో చేత్తో నిన్నటి రొట్టె టీలో ముంచుకుంటోంది. సరిగ్గా అక్కడే, అలాగే, ఆయన భార్య ముప్ఫై ఏళ్ళు నిలబడింది.

"అమ్మాయ్, ఈ పన్నెండు రోజుల్లో ఆ దుంప నువ్వెన్నిసార్లు తిన్నావు?"

"ఉప్పు చూశాను కదా, మామయ్యగారూ."

"ఉప్పు సంగతి కాదు. కంచంలో పెట్టుకుని ఎన్నిసార్లు తిన్నావు?"

ఆమె నిజంగానే ఆలోచించింది. ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

మామగారి చేతిలో మాత్ర కింద పడిపోయింది. ఆయన దాన్ని చూడలేదు, చెక్క వైపు చూస్తున్నారు. పొద్దున తప్ప ఏనాడూ ఏదీ రాని ఆ చెక్క మీద, నడిమధ్యాహ్నం, గుప్పెడంత బీట్‌రూట్ ఒకటి కూర్చుని ఉంది.

ఆయన స్టూలు లాగి "కూర్చో" అన్నారు.

"అవతల వాళ్ళకి మంచినీళ్ళు..."

"వాళ్ళకి కాళ్ళున్నాయి. కూర్చోమన్నానా!"

ఆయన ఆమె మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. గడియారం విప్పినట్టు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఆ దుంపని సన్నగా తరిగారు. ఉప్పు ఎక్కువేశారు, వేయించబోయి అడుగంటించారు. ఆమె ఆ మాడు ముక్కలు తింటుంటే ఎందుకో కన్నీళ్ళు ఆగలేదు. ఎవరైనా తన కోసం వండగా తిని ఎన్నేళ్ళయిందో ఆమెకి లెక్క తెలియలేదు.

మర్నాడు దోమ ఎదుట కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. నాలుగో ట్యూబు మీద తన పేరు తనే అంటించుకుంది. సాయంత్రానికి కాగితం పట్టుకుని దోమే పరిగెత్తుకొచ్చింది.

"ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదక్కా రక్తం. ఎలా నడిచొస్తున్నావు రోజూ? దుంపలతో పోయేది కాదిది, పద డాక్టరు దగ్గరికి."

ఇంకో నెల ఆలస్యమైతే గుండె తట్టుకునేది కాదన్నాడు డాక్టరు. సూదిమందులు, మాత్రలు, సెలవు రాసిచ్చాడు. భర్త ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, గిన్నెలు తోమడానికి వెళ్ళాడు. కూతురు నూనె సంగతి మరిచిపోయి అమ్మ కంచంలో వడ్డించి, ఆమె మొదటి ముద్ద తినేదాకా తను ముట్టడం మానేసింది. చెక్క మీద బీట్‌రూట్ వస్తూనే ఉంది, వారానికోసారి కాస్త చిన్నదవుతూ.

రెండు నెలలకి ఒక పొద్దున కోడలు లైటు వేస్తే చెక్క మీద వంకాయలున్నాయి. అప్పటికి ఆమె మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. "మామయ్యగారూ, పీడ వదిలింది చూడండి" అని పిలిచింది.

ఆయన వచ్చి చూశారు. ఒక వంకాయ తొడిమ పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"మీ అత్తయ్యకీ రెండు నెలలే వచ్చింది వెల్లుల్లి" అన్నారు. "వాసన పడదంటే నమ్మేశాను. రెబ్బ కూడా మిగల్చకుండా నేనే తిన్నాను."

కోడలు పొయ్యి మీద టీ పెట్టింది. రెండు కప్పుల్లో పోసి, ఒకటి ఆయన ముందుంచి, రెండోది తీసుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.