లాకు పడని ప్లగ్గు

జిలానీ బాషా కాళ్లు కారు తలుపు బయట ఎండలో ఉన్నాయి, తల బ్రేకు పెడల్ పక్కన ఉంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. నోట్లో టార్చి. వేలిగోళ్ల చుట్టూ ఏ సబ్బుకూ వదలని నలుపు. కంచరపాలెంలో ముప్పై తొమ్మిదేళ్లుగా ఇలా కార్లలోకి దూరి వైర్లు వెతకడంతో ఎడమ భుజం కిందికి జారి, అలాగే ఉండిపోయింది.

కారు గురునాథరావుది. స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. పదేళ్లుగా ఇక్కడికే తెస్తున్నాడు. ఎప్పుడూ పక్కనే నిలబడి సవాలక్ష ప్రశ్నలు వేసేవాడు. ఇవాళ బల్లమీద కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు.

"ఒక్కోపాలి ఎక్సిలేటర్ తొక్కితే బండి లెగదు బాషా. కాసేపటికి దానికదే బాగయిపోతాది. ఎందుకో నాకు తెలాల," అని పొద్దున్న ఒక్కటే మాట చెప్పాడు.

వచ్చిపోయే జబ్బంటే జిలానీకి ఇష్టం. స్కానరు పెడల్ సెన్సారు పోయిందంది. కొత్తది వేయించుకోమని చెప్పి ఊరుకోవచ్చు. అతను ఊరుకోలేదు. బండిని రైలు పట్టాల మీదుగా రెండుసార్లు తిప్పాడు. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి కుదుపుకి కారు ఉన్నట్టుండి నీరసించిపోయింది. అంటే సెన్సారు కాదు, వైరు.

ఇప్పుడు ఇంజను తిరుగుతుండగా పెడల్‌ని ఒక చేత్తో నొక్కిపట్టి, రెండో చేత్తో పైనున్న వైరు కదిపాడు. ఇంజను చప్పుడు పడిపోయింది. వదిలాడు. లేచింది. ఆ వైరు చివరనున్న ప్లగ్గు లోపలికి వెళ్లింది గానీ లాకు పడలేదు. బొటనవేలితో నొక్కితే టక్కుమంది. ఆ తర్వాత ఎంత కుదిపినా చప్పుడు మారలేదు.

వెలిగిపోతున్న ముఖంతో బయటికి జరిగాడు. ఇలాంటి రోజు ఇంటికెళ్లి, కంచం ముందు కూర్చోకుండానే భార్య మదీనా బీకి అంతా చెప్తాడు.

"దొరికీసింది సార్! ఈ ప్లగ్గు ఎవులో పీకి, సరిగ్గా ఎట్టకుండా ఒగ్గేసేరు. ఎవులు సెయ్యెట్టేరు దీనిమీద?"

ప్రతి బండికీ అడిగే ప్రశ్నే. అందరూ సిగ్గుపడి నవ్వుతారు. గురునాథరావు నవ్వలేదు.

"నానే. ఫోన్లో వీడియో సూసి ఇంటికాడే దీన్ని పీకి క్లీన్ సేసేను."

"దానికేటి సార్, అందరూ..."

"మంగళారం మా ఆవిడ చిలకమ్మకి గుండెల్లో నొప్పొచ్చింది. ఆస్పత్రికి తీసుకెల్తంటే ఫ్లైఓవర్ మీద బండి లెగనేదు. తొక్కతానే ఉన్నాను. 'కంగారు పడకండి, మెల్లగానే పోనీండి' అంటంది. ఆటోలోకి మార్సి తీసుకెల్లేసరికి, డాక్టరు సెయ్యి పట్టుకుని సూసి వదిలేసేడు."

ఇంజను ఇంకా తిరుగుతోంది. జిలానీ చేయి చాచి ఆపాడు.

"వైరు కూడా పాతదే సార్. ఉప్పుగాలికి పిన్నులు తినేస్తాయి. నాను సరిగ్గా సూడనేదు..."

"వద్దు బాషా. పదేళ్లలో నువ్వు నాకెప్పుడూ అబద్ధం సెప్పనేదు."

ఆయన లేచాడు. జిలానీ తాళం ఇవ్వబోతే తీసుకోలేదు. "బండి నీకాడే ఉంచు. నాకొద్దు," అని పట్టాలవైపు నడిచి వెళ్లిపోయాడు.

అన్నానికి రమ్మని మదీనా బీ రెండుసార్లు ఫోను చేసింది. జిలానీ తీయలేదు. చాలాసేపటికి కారు అద్దాలు ఎక్కించడానికి అవతలి తలుపు తీశాడు. సీటు కింద ఆడమనిషి చెప్పు, ఒక్క కాలిది, పక్కకి ఒరిగి ఉంది. దాని మీద ఐదు వేళ్ల గుర్తులూ నల్లగా, నున్నగా అరిగి ఉన్నాయి.