ఆఠీను రాజు పేరు

పక్షవాతం మా ఆయన కాళ్ళనీ చేతుల్నీ పెద్దగా ముట్టుకోలేదు గానీ, పేర్లన్నీ పట్టుకుపోయింది. నారిన్ పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ "నీ పేరేంటి తాతా?" అని అడిగితే నా మొహంలోకి చూశాడు.

"ఇంటివాళ్ళ ఫోటోలు చూపిస్తూ రోజూ పేర్లు చెప్పించండి. ముందు తన పేరు తనకి తెలియాలి," అందామె.

ఫోటోలు చూపిస్తే మొహం తిప్పేసుకునేవాడు, తనేమైనా చంటిపిల్లాడా అని కోపం. పేకాటంటే మాత్రం ప్రాణం. అందుకని మా చిన్నకోడలు అనార్కుల్, పేకే మన మనుషులతో చేసేద్దామంది. పట్నంలో అచ్చు వేయించాలంటే గొర్రెనమ్ముకోవాలి. ఖాళీ టీ పెట్టెల అట్ట కత్తిరించి, మా వైపు పేకకి ఉండే ముప్పై ఆరు ముక్కలూ చేసింది. పెళ్ళి ఫోటోలకి నలుపు తెలుపు నకళ్ళు తీయించి, ఉడికించిన మైదాతో అంటించింది. వెనకవైపు గోడకి అతికించగా మిగిలిన పూల కాగితం. అన్నిటికీ ఒకే పువ్వు పడాలి, లేకపోతే వెనకనుంచే ముక్క తెలిసిపోతుంది. పిండి బస్తా కింద రెండ్రోజులు అణిచిపెట్టి, జారడానికి కొవ్వొత్తి రుద్దింది.

కళావరు రాజు మరిది సాతార్, ఇస్పేటు జాకీ పెద్దకొడుకు మిర్‌బెక్, ఆఠీను రాజు మా ఆయన. నన్ను రాణిని చేసింది. ముక్కు బండగా పడిందని ఓ పూటంతా సణిగాను.

ముక్క వేసినవాళ్ళు ఆ మనిషి పేరు చెప్పాలి, అదీ ఆట.

పగలంతా నేను పాల కేంద్రంలో ఉంటాను. ఆడేది ఆయనా, అనార్కులూ ఇద్దరే. పది రోజులకి, ఓ సాయంత్రం మిర్‌బెక్ ఫోన్ చేసి "నేనెవర్ని నాన్నా?" అంటే, ఆయన నుదురు ముడేసి, ఎంతో కష్టపడి చెప్పాడు.

"బొద్దు... బావగారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోన్ పెట్టేసి కోడలి మీద పడ్డాను.

"కన్నకొడుకుని బావగారంటున్నాడు. ఇదేనా నువ్వు నేర్పింది?"

"మరి పెద్దవాళ్ళ పేర్లు నేనెలా చెప్తానత్తయ్యా? నా నాలుక తెగిపోదూ?"

"సాతార్‌ని ఏమంటున్నావు?"

"పొడుగు మావయ్య."

"మరి ఆఠీను రాజుని?"

తల దించేసుకుంది. "ఏమీ అనను. ముక్క పెట్టేసి ఊరుకుంటా. మీరు మాత్రం చెప్తారా ఏంటి?"

పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళు. "ఇదిగో", "పిల్లల తండ్రీ", అంతే. పిల్లలకి నాన్న, కోడలికి మావయ్య. ఆయన తన పేరు ఎక్కడ విని నేర్చుకోవాలి? ఈ ఇంట్లో దాన్ని పలికే నోరే లేదు. నామీద నాకే ఒళ్ళు మండింది.

"పంచు," అన్నాను.

నాలుగోసారి పంచినప్పుడు ఆఠీను రాజు నాకొచ్చింది. చాప మీద పెట్టాను. అనార్కుల్ సిగ్గుపడి గోడవైపు తిరిగింది.

"జుమాదిల్," అన్నాను.

ఎవరో పరాయి మనిషిని పిలిచినట్టుంది. ఆయన ముక్క చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ముక్క చూశాడు. చెయ్యి మెల్లగా గుండె మీదికి పోయింది.

"జుమాదిల్," అన్నాడు. "నేనే కదే."

నాకు ఏడుపు ఆగలేదు. మళ్ళీ పిలిచాను.